గుండెజబ్బు డబ్బున్నవాళ్ళకేనా?

సందేహాలు - సమాధానాలు

కొలెస్ట్రాల్ గురించి ఈ శీర్షికలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో కొలెస్ట్రాల్ ఊసే లేదు. డబ్బు లేనివాళ్ళకీ, చదువు లేనివాళ్ళకీ గుండెజబ్బు ఎందుకొస్తోందని అడిగారు. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాను. పొడవైన ఉత్తరాలను కుదించాను. పేర్లు అందరివీ తీసేశాను.

మా నాన్నగారు వ్యవసాయ కూలీ. బక్కపలచని మనిషి. మాంసం ఏ పండక్కో తినేవారు. పోయిన వేసవిలో చేలోనే గుండెపోటుతో పోయారు. 54 ఏళ్ళు. చుట్ట అలవాటుండేది. ఆసుపత్రి గడప ఎప్పుడూ తొక్కలేదు. తిని కూర్చునేవాళ్ళకి వచ్చే జబ్బు కష్టపడే మనిషికి ఎందుకొచ్చింది?
- తణుకు దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు

మీ ఇంటిల్లిపాదికీ నా సానుభూతి. మీరు విన్నమాట అబద్ధమేమీ కాదు, కాకపోతే బాగా పాతబడింది. గుండెజబ్బు సాధారణంగా ముందు కలిగినవాళ్ళ ఇళ్ళలోనే అడుగుపెడుతుంది. వేపుళ్ళు, సిగరెట్లు, కారు, కుర్చీలో ఉద్యోగం ముందుగా అందేది వాళ్ళకే మరి. ఇంగ్లండులో 1930ల నుంచి 1950ల దాకా మరణాల లెక్కలు తీస్తే ఈ జబ్బు పైతరగతుల్లోనే ఎక్కువగా కనిపించేది. 1961 నాటికి లెక్క తిరగబడింది. కలిగినవాళ్ళు సిగరెట్లు మానడం మొదలుపెట్టారు, బీపీ చూపించుకున్నారు, మందులు వాడారు. జబ్బు కార్మికుల వాడల్లోకి దిగి అక్కడే మకాం పెట్టింది.

మన దేశంలోనూ ఈ మార్పు చాలామంది అనుకున్నదానికన్నా ముందే మొదలైంది. జైపూర్‌కు చెందిన డాక్టర్ రాజీవ్ గుప్తా బృందం రాజస్థాన్ పల్లెల్లో సర్వే చేసి 1994లో ఫలితాలు ప్రకటించింది. చదువు లేనివాళ్ళలో, తక్కువ చదివినవాళ్ళలోనే గుండెజబ్బు ఎక్కువగా ఉందని అప్పుడే తేలింది. ఇక మీ ప్రాంతం సంగతి. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో జరిగిన మరణాలను నమోదు చేశారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, పోయిన మనిషికి చివరి రోజుల్లో ఏమైందో ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకుంటే, డాక్టర్లు దాన్నిబట్టి కారణం నిర్ణయించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే అని తేలింది. పక్షవాతం కూడా ఇందులోనే చేరుతుంది. అంటువ్యాధులతో పోయినవాళ్ళు నూటికి 12 మందే. ఆ ఊళ్ళలో అందరూ కార్లున్న ఆసాములు కారు కదా!

ఒళ్ళు వంచి పనిచేయడం గుండెకు మేలే. అయితే ఆ మేలు చుట్టపొగ చేసే చెరుపును తుడిచిపెట్టేంత పెద్దది కాదు. "చుట్టపొగ మింగం కదండీ, నోట్లోంచే వదిలేస్తాం" అని చాలామంది పెద్దలు నాతో వాదిస్తారు. పొగ ఊపిరితిత్తుల దాకా పోకపోయినా నికోటిన్ నోటి చర్మం గుండానే రక్తంలో కలుస్తుంది. రెండోది ఉప్పు. రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షలు చేసి లెక్కిస్తే సగటున తొమ్మిదిన్నర గ్రాముల దాకా తేలింది. కూర తక్కువై ఆవకాయతోనో, ఎండుచేపతోనో అన్నం ముగించే ఇంట్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. మూడోది బీపీ. మీ నాన్నగారికి బీపీ ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు గనక. ఆయన ఎందుకు పోయారో నేను ఇక్కడ కూర్చుని నిర్ణయించలేను. మీరూ, మీ అన్నదమ్ములూ మాత్రం ఈ వారంలోనే బీపీ, షుగరు చూపించుకోండి. తండ్రికి 55 ఏళ్ళలోపు గుండెజబ్బు వచ్చిందంటే కొడుకులను మేం ప్రత్యేకంగా చూస్తాం.

మా వీధిలో ఒక కాంట్రాక్టరున్నారు. ఐదో తరగతితో ఆపేశారు, కోట్లు గడించారు. పక్కనే నాలాంటి రిటైర్డ్ టీచరు పింఛనుతో నెట్టుకొస్తున్నారు. ఇద్దరిలో ఎవరి గుండెకు ముప్పు ఎక్కువ? కాపాడేది డబ్బా, చదువా?
- విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఒంగోలు

మాస్టారూ, ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి జోస్యం చెప్పలేను. వేలమందిని కలిపి చూస్తే మాత్రం పందెం చదువు మీదే కాస్తాను.

దీనికి ఆధారం 'ప్యూర్' అనే పెద్ద అధ్యయనం. మనదేశంతో సహా 20 దేశాల్లో లక్షా యాభై వేలమందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రచురించారు. ఆస్తిపాస్తులు, చదువు రెండూ నమోదు చేశారు. ఆస్తి కన్నా చదువే గుండెజబ్బు ముప్పును స్పష్టంగా పట్టిచ్చింది. ధనిక దేశాల్లో తక్కువ చదివినవాళ్ళకీ ఎక్కువ చదివినవాళ్ళకీ తేడా ఉన్నా పెద్దది కాదు, పావువంతు లోపే. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ లాంటి దేశాల్లో మాత్రం గుండెపోటు, పక్షవాతం వంటివి తక్కువ చదివినవాళ్ళలో రెట్టింపుకు పైగా ఉన్నాయి.

అందులోనే ఒక వింత ఉంది, నన్నడిగితే అసలు సంగతంతా అదే. మనలాంటి దేశాల్లో తక్కువ చదివినవాళ్ళకు కొలెస్ట్రాల్, బరువు, షుగరు అన్నీ కలిపి లెక్కగడితే ముప్పు తక్కువే రావాలి. వాళ్ళు సన్నగా ఉంటారు, నడుస్తారు, కష్టం చేస్తారు. అయినా ఎక్కువగా పోతున్నది వాళ్ళే. కారణం వైద్యం దగ్గర దొరికింది. బీపీ ఉన్నట్టు తెలియకపోవడం, తెలిసినా మందు వాడకపోవడం, ఒకసారి గుండెపోటు వచ్చాక కూడా వాడాల్సినవి వాడకపోవడం. అంటే ముప్పు తక్కువున్న మనిషికి వైద్యం ఇంకా తక్కువ అందుతోంది.

మరి చదువు ఏం చేస్తుంది? ఓపీలో రోజూ చూసేదే చెబుతాను. అరవై దాటిన మనిషి పాలిథిన్ కవర్ బల్ల మీద బోర్లిస్తాడు. అందులోంచి సగం కోసిన మాత్రల అట్టలు పడతాయి. అట్టను ఎక్కడ కత్తిరించారో సరిగ్గా అక్కడే గడువు తేదీ ఎగిరిపోయి ఉంటుంది. ఒక అట్ట పెద్దాసుపత్రిది, ఇంకొకటి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చింది, మూడోది అల్లుడు హైదరాబాద్ నుంచి తెచ్చింది. పేర్లు వేరు, రంగులు వేరు. వెనక చిన్న అక్షరాల్లో చూస్తే రెండింటిలో ఉన్నది ఒకటే మందు, ఆమ్లోడిపిన్. ఆయన రెండూ వేసుకుంటున్నాడు, కాళ్ళు వాచాయి. వాపు మందులవల్లే అనుకుని, మూడోదానితో సహా అన్నీ ఒక్కసారే మానేశాడు. బీపీ 190. వెంట ఇంటర్ చదివే మనవరాలు వస్తే కథ వేరుగా ఉంటుంది. ఆ పిల్ల అట్ట తిప్పి చదువుతుంది. "సార్, ఈ రెండూ ఒకటేనా?" అని అడుగుతుంది. రోగం గురించి ఆమెకేమీ తెలియదు. చదవడం తెలుసు, అడగడానికి భయం లేదు. చదువు గుండెకు చేసే మేలులో పెద్ద భాగం ఈ రెండే అని నా అభిప్రాయం.

చదువుకున్నవాళ్ళకు ఎలాగూ మంచి ఇల్లు, మంచి తిండి ఉంటాయి గనక ఆ మేలు వాటిదేనేమో అనే అనుమానం న్యాయమైనదే. దాన్ని తేల్చడానికి పరిశోధకులు జన్యువుల సాయం తీసుకున్నారు. ఎక్కువకాలం చదివే అవకాశాన్ని కాస్త పెంచే జన్యు తేడాలు కొన్ని పుట్టుకతోనే ఉంటాయి, ఇంటి ఆస్తితో వాటికి పనిలేదు. అలాంటి తేడాలున్నవాళ్ళను పరిశీలించి, మూడున్నరేళ్ళ అదనపు చదువు గుండెజబ్బు ముప్పును సుమారు మూడోవంతు తగ్గిస్తుందని 2017లో లెక్కగట్టారు. ఈ లెక్క యూరోపియన్ మూలాలున్నవాళ్ళది. మనకు అంకె మారొచ్చు గానీ దిశ మారుతుందనుకోను. తర్వాత 2019లో వచ్చిన మరో పరిశోధనలో ఈ మేలులో 40 శాతం దాకా పొగ, బరువు, బీపీల ద్వారానే వస్తోందని తేలింది.

మీ కాంట్రాక్టరు గారికి అర్ధరాత్రి నొప్పొస్తే అరగంటలో కార్పొరేట్ ఆసుపత్రి బల్ల మీద ఉంటారు. అక్కడ డబ్బు కాపాడుతుంది. ఆ రాత్రికి ముందు గడిచిన ఇరవై ఏళ్ళలో ఆయన చేత బీపీ మాత్ర క్రమం తప్పకుండా వేయించేది మాత్రం డబ్బు కాదు. అలాగని మీ టీచరు మిత్రుడు నిశ్చింతగా ఉండొచ్చని కాదు, ఆయన వాకింగ్ మానేశారేమో ఓసారి కనుక్కోండి.

అన్ని టెన్షన్లూ పై ఆఫీసర్లకే అంటారు. మాలాంటి అటెండర్లం ఫైళ్ళు మోయడం తప్ప చేసేదేముంది? కానీ మా ఆఫీసులో గుండె ఆపరేషన్లు అయినవాళ్ళలో మావాళ్ళే ఎక్కువ. ఇదేమిటి?
- ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగి, హైదరాబాద్

మీకు కలిగిన అనుమానమే లండన్‌లో ఒక పెద్ద పరిశోధన అయింది. అక్కడి ప్రభుత్వ కార్యాలయాలుండే వీధి పేరు వైట్‌హాల్. 1967లో మొదలుపెట్టి దాదాపు 18 వేలమంది మగ ఉద్యోగులను పరీక్షించి, తర్వాత ఎవరు ఎప్పుడు ఏ జబ్బుతో పోయారో చూస్తూ వచ్చారు. మైకేల్ మార్మాట్ బృందం 1978లో లెక్క చెప్పింది: ఏడున్నరేళ్ళలో గుండెజబ్బు మరణాలు పై అధికారుల కంటే అట్టడుగు గ్రేడులో, అంటే కబుర్లు మోసే మెసెంజర్లు, తలుపు దగ్గర కాపలావాళ్ళలో, మూడున్నర రెట్లు ఎక్కువ.

వీళ్ళెవరూ తిండికి లేనివాళ్ళు కారు. అందరివీ ప్రభుత్వ ఉద్యోగాలే, అందరికీ అక్కడ ఉచిత వైద్యమే. పోనీ కిందివాళ్ళు సిగరెట్లు ఎక్కువ తాగుతారని సరిపెట్టుకుందామా అంటే, పొగ, బీపీ, కొలెస్ట్రాల్ లాంటివన్నీ లెక్కలోంచి తీసేసినా తేడాలో సగానికి పైగా అలాగే మిగిలింది. ఇంకో విషయం, మెట్టు మెట్టుకూ తేడా ఉంది. రెండో మెట్టువాడు మొదటి మెట్టువాడి కంటే, మూడో మెట్టువాడు రెండో మెట్టువాడి కంటే ఎక్కువగా పోయారు. పేదరికం ఒక్కటే కారణమైతే అట్టడుగున మాత్రమే తేడా కనిపించాలి కదా.

1985లో రెండో విడత మొదలైంది. ఈసారి ఆడవాళ్ళనూ కలిపి పది వేలమందికి పైగా తీసుకుని, పనిలో వాళ్ళ మాట ఎంత చెల్లుతుందో కూడా అడిగారు. ఏ పని ఎప్పుడు చేయాలో, ఎలా చేయాలో తాము అనుకున్నట్టు జరుపుకునే వీలు లేనివాళ్ళకే గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది. సెక్రటరీకి బాధ్యత ఎక్కువే, కాదనను. కానీ ఆయన మీటింగు ఎప్పుడు పెట్టాలో ఆయనే చెబుతాడు. ఆ మీటింగు అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడి, బెల్లు కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడేది మీరు. ఇంటికి ఎన్నింటికి వెళతారో మీ చేతిలో లేదు. బీపీ మాత్ర వేసుకోవడానికి కూడా టైము చూసుకోవాల్సిన పని అది.

మీ ఆఫీసులో ఆపరేషన్లు అయినవాళ్ళ లెక్క నేను తేల్చలేను. అటెండర్ల సంఖ్యే ఎక్కువ ఉండొచ్చు. అయితే మీరు చెప్పింది లోకంలో జరగనిదేమీ కాదు.

ఇంజనీరింగ్ చదివాను, మంచి జీతం, ఇన్సూరెన్స్ ఉంది. యాప్‌లో వివరాలన్నీ ఇస్తే పదేళ్ళ రిస్కు తక్కువే అంది. మా టీమ్‌లో 44 ఏళ్ళ తెలుగాయనకు పోయిన నెల స్టెంట్ వేశారు. డబ్బు, చదువు రెండూ ఉన్నాక మాకు ఎందుకిలా?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

డబ్బూ చదువూ ముప్పును తగ్గిస్తాయి గానీ పుట్టుకను మార్చవు. 52 దేశాల 'ఇంటర్‌హార్ట్' అధ్యయనంలో దక్షిణాసియావాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చిన వయసు నడిమి లెక్కన 53. మిగతా దేశాలవాళ్ళకు దాదాపు 59. అందుకే 2018 అమెరికా మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలుండటాన్ని ముప్పు పెంచే అంశంగా చేర్చారు. యాప్ తక్కువ చెప్పినా మీ డాక్టరు ఆ సంగతి వేరుగా చూడాలి, చూడకపోతే గుర్తుచేయండి. నడుము కొలత 90 సెంటీమీటర్లు దాటిందా, హెచ్‌బీఏ1సీ ఎంత, జీవితంలో ఒక్కసారైనా లైపోప్రోటీన్-ఎ చూశారా? ఈ మూడూ అడగండి.

యాప్ మిమ్మల్ని జీతం గురించి అడగలేదు. బ్రిటన్‌లో డాక్టర్లు వాడే క్యూరిస్క్ మాత్రం ఒక రకంగా అడుగుతుంది. మనిషి ఉండే ప్రాంతం పోస్టుకోడును బట్టి ఆ పేట ఎంత వెనకబడిందో లెక్కలో చేరుస్తుంది, దక్షిణాసియా మూలాలనూ చేరుస్తుంది. స్కాట్లాండ్ లెక్క అసైన్ కూడా పేట పేదరికాన్ని కలుపుతుంది. కారణం తేలికే. పాత లెక్కలు వాడితే పేదవాడలోని మనిషికి ఉన్న ముప్పు తక్కువగా కనిపించి, మందు అవసరమైనవాడికి అందకుండా పోతోంది. మన దేశంలో ఇలాంటి లెక్క రావాలని నా కోరిక. ఇక్కడైతే పిన్‌కోడు కన్నా తల్లి చదువు అడిగితే ఎక్కువ తెలుస్తుందేమో.

అమ్మ బీడీలు చుడుతుంది. రెండేళ్ళ కింద గుండెపోటొస్తే ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేశారు, పైసా కట్టలేదు. కొన్ని నెలలు గోలీలు వేసుకుంది. తర్వాత మంచిగనే ఉన్న కదా అని బంద్ చేసింది. నెలనెలా బయట కొనాలంటే బీడీల పైసలు వాటికే పోతున్నయంటది. నేనేం చెప్పాలె?
- డిగ్రీ విద్యార్థిని, జగిత్యాల

ముందు ఒక పని చేయమ్మా. ఈ పత్రిక పక్కనబెట్టి అమ్మను రేపే దవాఖానకు తీసుకెళ్ళు. డిశ్చార్జి కాగితం వెంట పెట్టుకో. స్టెంట్ వేశాక రక్తం పలచగా ఉంచే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది, మొదటి ఏడాది మరీను. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర సాధారణంగా జీవితాంతం వాడాలి. రెండేళ్ళయింది గనక ఏవి కొనసాగించాలో, ఏవి అక్కర్లేదో డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి.

డబ్బు సంగతికొస్తే, ఈ మాత్రలు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగా దొరుకుతాయి. బీపీ, షుగరుంటే మీ ఊరి పీహెచ్‌సీలోనే నెలకు సరిపడా ఒకేసారి ఇస్తారు. బీపీని అదుపు చేసే జాతీయ కార్యక్రమం మొదట ప్రారంభమైన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఒకటి. బయట కొనక తప్పకపోతే జన ఔషధి షాపులో అడుగు, అదే మందు చాలా తక్కువ ధరకు వస్తుంది. "ధర తక్కువ, పనిచేస్తదా?" అని అమ్మ అడుగుతుంది, అందరూ అడుగుతారు. పనిచేస్తుంది. స్టెంట్ వేసిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది. కొన్ని చికిత్సలకు డిశ్చార్జి తర్వాత కూడా ఫాలో-అప్ కింద పరీక్షలు, మందులు ఇస్తారు. అమ్మకు ఆ గడువు దాటిందేమో గానీ, అడగడంలో పోయేదేమీ లేదు.

నీ ఉత్తరం చదివాక ఈ పథకాల గురించి నా మనసులో ఉన్నమాట కూడా చెబుతాను. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలను అప్పుల్లోంచి కాపాడింది. తెలంగాణలో ఇప్పుడు ఏడాదికి పది లక్షల దాకా చికిత్స చేయించుకోవచ్చు. స్టెంట్ల ధరకు కేంద్రం 2017 ఫిబ్రవరిలో కళ్ళెం వేశాక మందు పూసిన స్టెంట్ 30 వేలలోపుకు దిగింది. అన్నీ మంచివే. కానీ ఆపరేషన్ బల్ల దగ్గర ఇంత డబ్బు పెట్టే ప్రభుత్వం, ఆ బల్ల ఎక్కకుండా ఆపే మాత్ర దగ్గర చేయి బిగబట్టడం నాకు నచ్చదు. పీహెచ్‌సీలో మాత్రలు అయిపోయి రెండు నెలలు రాకపోతే ఏ పేపర్లోనూ వార్త రాదు.

వైద్యం అందితే ఎంత తేడా వస్తుందో మన దేశంలోనే తేలింది. 2001 నుంచి 2005 దాకా 50 నగరాల్లోని ఆసుపత్రుల్లో గుండెపోటు లక్షణాలతో చేరిన 20 వేలమందికి పైగా రోగుల వివరాలు నమోదు చేశారు. కలిగినవాళ్ళలో నూటికి 15 మందికి యాంజియోప్లాస్టీ జరిగితే పేదల్లో ఇద్దరికి జరిగింది. నెలలోపు పోయినవాళ్ళు కలిగినవాళ్ళలో నూటికి అయిదున్నర, పేదల్లో ఎనిమిదికి పైన. వైద్యంలో తేడాను లెక్కలోంచి తీసేసి చూస్తే చావుల్లో తేడా మాయమైంది. అమ్మకు స్టెంట్ అందింది. మాత్ర కూడా అందేలా చూసే పని నీది. నువ్వు చదువుకున్నావు గనక, ఆ ఇంట్లో వైద్యుడి తర్వాత వైద్యురాలివి నువ్వే.

అమ్మ పనిచేసేచోట పొగాకు ధూళి లేకుండా కిటికీలు తెరిచి పెట్టుకోమను. ఇంట్లో ఎవరైనా బీడీ తాగుతుంటే ఆపించు.

మా కేంద్రానికి వచ్చే పిల్లలకు గుడ్లు, పాలు ఇస్తున్నాం. దీనికీ పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బుకీ సంబంధం ఉందని ట్రైనింగ్‌లో ఒక మేడమ్ అన్నారు. నిజమేనా?
- అంగన్‌వాడీ టీచర్, రంగారెడ్డి జిల్లా

నిజమే, ఆ ఆధారం దొరికింది కూడా మీకు దగ్గర్లోనే. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఒక ప్రయోగం జరిగింది. 15 గ్రామాల్లో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ మొక్కజొన్న-సోయా పిండితో, సోయా నూనె వేసి చేసిన ఉప్మా రోజూ పెట్టారు. 14 గ్రామాల్లో అప్పటికి ఆ పథకం రాలేదు. పిల్లలు పెరిగి 13-18 ఏళ్ళవాళ్ళయ్యాక, 2003-05 ప్రాంతంలో, మళ్ళీ వెతికి పట్టుకుని పరీక్షించారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సెంటీమీటరుకు పైగా పొడవున్నారు. ఇన్సులిన్‌కు శరీరం మొండికేయడం వాళ్ళలో 20 శాతం తక్కువ. రక్తనాళాలు కూడా మరింత మెత్తగా, సాగే గుణంతో ఉన్నాయి. రక్తనాళం గట్టిపడటం గుండెజబ్బుకు తొలిమెట్టు.

కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ తిండి తక్కువైన బిడ్డ, పెద్దయ్యాక పట్నం చేరి ఒళ్ళు చేస్తే షుగరు, బీపీ తొందరగా వస్తాయి. మన దగ్గర ఒక్క తరంలోనే లక్షలమంది బతుకులు అలా మారాయి. తల్లి పేదరికం బిడ్డ గుండెదాకా వస్తుందంటే కారణం ఇదే. మీరు పెట్టే గుడ్డు నలభై ఏళ్ళ తర్వాత లెక్కలోకి వస్తుంది. రిజిస్టర్లో ఆ గడి లేదు, అంతే.

నేను ఆటో నడుపుతాను. ఛాతీలో నొప్పొస్తే, చేతిలో డబ్బు లేకపోతే, ఎక్కడికెళ్ళాలో సూటిగా చెప్పండి.
- పార్వతీపురం నుంచి ఒక పాఠకుడు

సూటిగానే చెబుతాను. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో లాగడం, చల్లని చెమటలు - పది నిమిషాల్లో తగ్గకపోతే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆటో మీరే నడుపుకుంటూ వెళ్ళొద్దు. ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, రక్తస్రావం జబ్బులు లేకపోతే, 108వాళ్ళనో డాక్టరునో ఫోన్లో అడిగి 300 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నమిలి మింగండి. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గినా ఈసీజీ తీయించకుండా ఇంటికి పోవద్దు.

వెళ్ళాల్సింది ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే దగ్గరి ఆసుపత్రికి. ఏరియా ఆసుపత్రి అయినా సరే. విశాఖలో పెద్దాసుపత్రి బాగుంటుందని దారిలో దగ్గరి ఆసుపత్రిని దాటేసి పోవద్దు. ఆ ఇంజెక్షన్ మొదటి గంటల్లో పడితేనే పూర్తి ఫలం, తర్వాత అక్కడినుంచి పెద్దాసుపత్రికి వాళ్ళే పంపుతారు. ఇందాక చెప్పిన 50 నగరాల లెక్కలో రోగులు ఆసుపత్రికి చేరడానికి పట్టిన సమయం నడిమి లెక్కన ఆరు గంటలు. చేరాక ఇంజెక్షన్ పడటానికి పట్టింది 50 నిమిషాలే. ఆలస్యం చాలావరకు ఇంటిదగ్గరే జరుగుతోంది. ఎవరిని అప్పు అడగాలి, పుస్తెలు కుదువ పెట్టాలా అని మాట్లాడుకునే ఆ గంటల్లోనే గుండె కండరం చచ్చిపోతుంది. అప్పు సంగతి ఆసుపత్రిలో చేరాక చూసుకోవచ్చు. 2005 ఆగస్టు 15 నుంచి నడుస్తున్న 108కి గానీ, ప్రభుత్వ ఆసుపత్రిలో అత్యవసర వైద్యానికి గానీ మీరు డబ్బు కట్టనక్కర్లేదు.